నా పేరు మీద బియ్యం

ఆసిఫాబాద్,
జూన్ 16.

పేపర్ల రాసే సృజన అనేటామెకు,

ఉత్తరం నమస్తే పెట్టి మొదలువెట్టాలని మా రోజారాణి చెప్పింది. నేను పెట్ట. నీకు నమస్తే ఒక్కటే తక్కువ.

నా పేరు మమతారాణి. ఆసిఫాబాద్ బస్టాండు కాడ మ్యాచింగ్ సెంటర్ అంబదాస్ ఉన్నడు సూడు, ఆయన పెండ్లాన్ని. తొమ్మిదేండ్ల కింద పది మంది ముందట పుస్తె కట్టించుకున్నదాన్ని. నీ లెక్క పేపర్ల కట్టించుకోలే.

మా దుకాణం పక్కన రోజారాణి బట్టలు కుడుతది. ఆమె కాడికి ఆదివారం ఆదివారం మీ కరీంనగర్ పేపర్ వస్తది. గల్లీల ఆడోళ్లందరు కూసుంటరు, ఆమె నీ 'వాకిలి ముచ్చట్లు' సదువుతది. మొదట్ల నేనూ నవ్విన. గ్యాస్ బండ తెచ్చుకునుడు, మిక్సీ రిపేరు, ప్రెస్సుల పని, పొద్దుమూకితే పాత సినిమా. బతుకంటే గిట్లుండాలె అనుకున్న. నీ మొగని పేరు గూడ అంబదాసే అంటే ఇంకింత నవ్విన. ఇప్పుడు గల్లీ అంత నన్ను సూసి నవ్వుతున్నది.

మొన్నటి ముచ్చట నాకు నోటికొచ్చింది. "గురువారం మా అంబదాస్ సంచి పట్టుకొని నా వెనక నడిచాడు. బీరకాయలు ఏరమంటే ముదురువన్నీ ఏరాడు. సాయంత్రం పాత సినిమా పెట్టాను. మొగుడు పెళ్లాం కాళ్ల మీద పడే సీను రాగానే, ఎడమ చెవి కింద పుట్టుమచ్చ గోక్కుంటూ కర్చీఫ్ అడిగాడు."

మా ఆయనకు ఎడమ చెవి కిందనే మచ్చ. ఏడుపొస్తే గదే గోక్కుంటడు. గురువారం గురువారం సరుకుకని కరీంనగరే పోతడు. ఇంకేం గావాలె? పేపర్ ముందట పెట్టి అడిగితే "ఎవరో తెల్వది, వేరే అంబదాస్" అన్నడు. మొహం మాత్రం సున్నం కొట్టిన గోడైంది.

నా మొగన్ని ఇడిసిపెట్టు. లేకపోతే బస్సెక్కి వచ్చి నీ సిగ పట్టుకుంట.

జవాబు రోజారాణి దుకాణానికి రాయి. మా ఫోను ఆయన సూస్తడు.

మమతారాణి


కరీంనగర్,
జూన్ 24.

శ్రీమతి మమతారాణి గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఈ రోజుల్లో ఇంత ఘాటుగా చేత్తో రాసేవాళ్లు దొరకడం నా అదృష్టం. నాకొచ్చే ఉత్తరాలన్నీ "మీ రచన బాగున్నది" రకం. ఉప్పూ కారం లేనివి.

ఈ రోజు ఎట్లా గడిచిందో చెబుతాను, మీకు ఇష్టమే కదా. పొద్దున్నే కరెంటు బిల్లు కట్టాను. ప్రెస్‌లో పెళ్లికార్డుల ప్రూఫులు చూశాను. ఒక కార్డులో పెళ్లికూతురి పేరు పడాల్సినచోట మేనత్త పేరు పడింది. దిద్దాను. ఇరవై ఏళ్ల నుంచి ఇదే పని, తప్పు ఎక్కడున్నా నా కంటికి తగులుతుంది. వచ్చేటప్పుడు టవర్ సర్కిల్ దగ్గర కుక్కర్ రబ్బరు కొన్నాను. సాయంత్రం మరమరాలు కలుపుకొని పాత సినిమా పెట్టాను. అందులో ఒక మొగుడికి ఇద్దరు పెళ్లాలు. ఇద్దరూ ఏడుస్తారు, వాడొక్కడే పాట పాడతాడు. కడుపుబ్బ నవ్వాను.

మా అంబదాస్ సంగతి అడిగారు. "వేరే అంబదాస్" అన్నాడా? అబద్ధం చెప్పేటప్పుడు ఆయన గొంతు సన్నబడుతుంది, ఎప్పుడైనా గమనించారా? ఈ గురువారం సర్వపిండి చేద్దామనుకుంటున్నాను. మీరు నువ్వులు ఎక్కువ వేస్తారా, పల్లీలు ఎక్కువ వేస్తారా? ఆయనకు మీ చేతి రుచి అలవాటై ఉంటుంది కాబట్టి అడుగుతున్నాను.

సిగ పట్టుకుంటానన్నారు. తప్పక రండి. జారిపోకుండా ఆ రోజు తలకు నూనె రాసుకోకుండా ఉంటాను.

భవదీయురాలు
సృజన


ఆసిఫాబాద్,
జూలై 9.

సృజనమ్మకు,

నీ ఉత్తరం సదివి రోజారాణి మిషన్ కాడనే కూలబడ్డ. కాదంటివా? అనలే. ఔనంటివా? అదీ అనలే. గొంతు సన్నవడుతదంటివి. ఇన్నేండ్లు నాకు తెల్వలే, నీకు తెలిసింది.

గుడికి గుంజకపోయి కర్పూరం ముట్టించిన. "ఏ గురువారం ఏ ఆడిదాని గడప తొక్కలే" అని కర్పూరం ఆర్పి ఒట్టు వెట్టిండు. నేను నమ్మలే. మా అన్న వచ్చి అంగీ పట్టుకొని అడిగితే ఏడ్సిండు. అయినా నమ్మలే. అన్నం పెడ్తలేను. దుకాణంల బట్టల తాన్ల మీదనే పంటున్నడు. నాకూ ముద్ద దిగుతలేదు.

తిట్టి లాభం లేదని ఎర్కయింది. నీకు దండం పెడ్త, పెద్దదానివి. నాకు ఇంకెవరు లేరు.

ఆయనకు నేను మొదటి పెండ్లాన్ని కాదు. ముందటామె నర్మదక్క జ్వరమొచ్చి సచ్చిపోయింది. రెండో పెండ్లిదానికి సచ్చిన సవతి పేరు మీద మెడల ఎండి బిళ్ల ఏస్తరు గద, ఆమె పీడించకుండ. తొమ్మిదేండ్ల సంది గా బిళ్ల నా పుస్తెల పక్కన ఉన్నది. కొత్త చీర కట్టినా, పండుగకు బూరెలు జేసినా ముందుగాల బిళ్లకు సూపెట్టి "అక్కా, నీ తర్వాతనే నేను" అంట. పెత్రమాస నాడు అందరు సచ్చినోళ్ల పేరు మీద అయ్యగారికి బియ్యమిస్తరు, మా ఆయన నర్మదక్క పేరు మీద ఇస్తడు. ఏడ్సుకుంట ఇస్తడు.

సచ్చిన సవతే నయం. ఒక్కనాడు నన్ను సతాయించలే. బతికున్న నువ్వు నా ఇంటికి అగ్గి పెట్టినవ్.

మమతారాణి


కరీంనగర్,
జూలై 14.

మమతారాణీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పొయ్యి మీద పాలు మాడిపోయాయి. ఈ రోజు ప్రెస్‌కు పోలేదు.

సృజన అనేది పేపర్‌కు పెట్టుకున్న పేరు. నా అసలు పేరు నర్మద. అంబదాస్ పెళ్లాం నర్మద.

సచ్చిన్నా నేను? ఎప్పుడు సచ్చిన? ఎవడు మోసిండు నన్ను?

పదేళ్ల కింద, "భీవండిల సాంచల మీద బట్ట నేసే పని దొరికింది, నెలకు తిరిగొస్త" అని సంచి సర్దుకుని పోయాడు. నేనే రొట్టెలు కట్టి ఇచ్చాను. రాలేదు. భీవండిలో మావాళ్లు వెతికితే అక్కడికి పోనేలేదని తెలిసింది. మూడేళ్ల కింద, బట్టల హోల్‌సేల్ దుకాణంలో పనిచేసే మా భూమన్న చెప్పాడు: "అక్కా, బావ ఆసిఫాబాద్‌ల దుకాణం పెట్టిండు. మల్ల పెండ్లి గూడ చేసుకున్నడు. గురువారం సరుకుకు వస్తడు." ఆ గురువారం పోయి దుకాణానికి ఎదురుగా నిలబడ్డాను. చీర అంచు వేళ్లతో నలిపి చూస్తూ నవ్వుతున్నాడు. ఎదురుపడితే ఏడుస్తానని తిరిగొచ్చాను. ఏడ్చే ఆడదాని ముందు వాడెప్పుడూ గెలుస్తాడు. అందుకే నవ్వుతూ రాయడం మొదలుపెట్టాను.

వాడు నా సంచి మోసినట్టు రాశాను. నా గిన్నెలు తోమినట్టు, సినిమా చూసి ఏడ్చినట్టు రాశాను. అది తను కాదని చెప్పాలంటే, అట్లా రాసే నేనెవరో వాడు చెప్పాలి. చెప్పలేక చస్తాడని రాశాను. రోజారాణికి ఆ పేపర్ ఉత్తగా వస్తుంది కదా? మీ దుకాణం పక్కన ఆమె ఉందని భూమన్నే చెప్పాడు, చందా కట్టింది నేనే. నీ చెవిన పడాలనే కట్టాను. తెలిసి తెలిసి ఇంకొకదాని మొగుణ్ణి కట్టుకున్నావనుకున్నాను.

ఈ పదేళ్లలో వాడు నా గడప తొక్కలేదు. ఒక్క గురువారం కూడా. కర్పూరం ఆర్పి చెప్పింది నిజం. బతుకులో ఒక్కసారి నిజం చెప్పాడు, అది ఎవరూ నమ్మకుండా చేశాను. దానికి నాకు సంతోషంగానే ఉంది, దాచను. నీకు ముద్ద దిగకుండా చేసినందుకు మాత్రం నన్ను క్షమించు.

నర్మద


ఆసిఫాబాద్,
జూలై 27.

అక్కా,

అక్కా అని బిళ్లకు మొక్కుడు అలవాటు, కాయిదం మీద రాసుడు అలవాటు లేదు. రాసుడు చింపుడు, రాసుడు చింపుడు.

ముందుగాల నమ్మలే. మొన్న పగటీలి చానా దినాలకు అన్నం పెట్టి, ముందట కూసొని అడిగిన. "నర్మదక్క ఎట్ల సచ్చిపోయిందయ్యా, మల్లొక్కసారి చెప్పు" అన్న. ముద్ద పక్కకు పెట్టి చెప్పిండు. వానదినాలట. నీ తల వాని తొడ మీద ఉన్నదట. నీళ్లడిగినవట. తాపిండట. "మల్ల పెండ్లి చేస్కో, ఒక్కనివే ఉండకు" అని చేతుల చెయ్యి ఏయించుకొని పాణమిడిసినవట. మచ్చ గోక్కుంట ఏడ్సిండు. గొంతు సన్నవడుడు గిప్పుడు ఇన్న.

గీ ముచ్చట ఇనే అక్కా నేను పెండ్లికి ఒప్పుకున్నది. మా అవ్వ వద్దన్నది. పెండ్లాం మీద గింత పాణమున్నోడు నన్నూ మంచిగ సూసుకుంటడని నేనే మొండికేసిన. నీ కోసం ఎన్నిసార్లు ఏడ్సిన్నో లెక్క లేదు.

కూర గిన్నె వాని మొహం మీద కొట్టాలనిపించింది. కొట్టలే. "పాపం" అని మజ్జిగ పోసిన. నాకు గింత ఓపిక ఉన్నదని నాకే తెల్వదు.

బతికున్నామెను మెడల ఏసుకొని తిరుగుతున్న. గీ బిళ్లను ఏం జెయ్యాలె? తీస్తే వానికి అనుమానమొస్తది.

కేసు పెట్టు. సాక్ష్యం నేను చెప్త. వాని పని వట్టకపోతే నా పేరు మమతారాణి కాదు.

మమత


కరీంనగర్,
ఆగస్టు 10.

చెల్లె మమతకు,

నీళ్లు తాపాడా! పన్నెండేళ్ల కాపురంలో ఆ మనిషి నాకు ఒక్క గ్లాసు నీళ్లు అందించిన పాపాన పోలేదు. చచ్చేటప్పుడు తాపాడట. పాత సినిమాలు చూసింది నేను, వేషం కట్టింది వాడు.

కేసు వద్దు. వకీళ్లు మాట్లాడతారు, వాడు తల వంచుకుని నిలబడతాడు, వాయిదాలు పడతాయి. నాకు వాడి నోరు కావాలి. నన్ను నోటితో సంపిండు, నోటితోనే బతికియ్యాలె. పది మందిలో, "నర్మద బతికే ఉన్నది, నేను అబద్ధం చెప్పిన" అనాలి. అంతకన్నా తక్కువకు ఒప్పుకోను, అంతకన్నా ఎక్కువ నాకు అక్కర్లేదు.

పెత్రమాస సెప్టెంబర్ 21, ఆదివారం. ఎంగిలిపూల బతుకమ్మ కూడా ఆ రోజే, ఆడవాళ్లంతా వాకిళ్లలో ఉంటారు. బియ్యం ఎవరి పేరు మీద ఇస్తున్నారో ఆ మనిషి వచ్చి తీసుకుంటే తప్పేముంది?

సినిమాల్లో చచ్చిందనుకున్న పెళ్లాం ఆఖరి రీలులో తెల్లచీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని వస్తుంది. నేనట్లా రాను. చిలకపచ్చ చీర కొన్నాను, ఎర్రంచుది. ఫాల్ కుట్టడానికి ఇచ్చాను. జాకెట్ వచ్చే మంగళవారం ఇస్తానన్నాడు. గాజులు కొన్నాను. నిన్న తలకు రంగు కూడా వేసుకున్నాను, ముందుగా ఒకసారి వేసి చూద్దామని. ఇన్ని పనులతో తిరుగుతుంటే పెళ్లిచూపులకు తయారైనట్టుంది.

అప్పటిదాకా నీ మొహంలో ఏమీ కనబడనీయకు. వేళకు అన్నం పెట్టు. పేపర్‌లో నేనూ రెండు వారాలుగా వాణ్ని మెచ్చుకుంటున్నాను, చూశావా? కోసేముందు మేకకు మంచి ఆకే వేస్తారు.

ఒక్క మాట మాత్రం ఆలోచించుకో. దీనితో నాకు పోయేదేమీ లేదు. నీకు కాపురం ఉంది. వద్దంటే ఒక కార్డు ముక్క రాయి, రాను. కోపం పోతుందని మాత్రం చెప్పలేను.

నీ అక్క
నర్మద


ఆసిఫాబాద్,
సెప్టెంబర్ 4.

అక్కా,

రా.

నా కాపురం ఫికర్ నువ్వు వెట్టుకోకు. సచ్చిందని చెప్పినోడు రేపు నన్ను గూడ సంపుతడు. ఇంకో ఊరికి పోయి, ఇంకోదాని ముందట, నేను నీళ్లడిగిన్నని చెప్పి ఏడుస్తడు. గీ మాట తలకెక్కిన కాడ్నుంచి నాకు వాని పక్కన కూసోబుద్ధైతలేదు. దుకాణం కిరాయి కాయిదం మా బాపు పేరు మీదున్నది. మిషన్ కుట్టుడు నాకొస్తది.

శనివారం పొద్దుమూకెటాళ్లకు వచ్చి మా ఇంటి ఎదురుంగ రోజారాణి ఇంట్ల ఉండు. ఆమెకు అంత చెప్పిన. మిషన్ మీద గుద్ది "నేను సదివిందంత గీమె రాసిందా" అన్నది. ఆదివారం అయ్యగారు తొమ్మిదింటికి వస్తడు. నేను చాటల బియ్యం పట్టుకొని బయటికి రాంగనే నువ్వు లేచి రా. పూలు మా వాకిట్లనే పేరుద్దామని గల్లీ ఆడోళ్లందరికి చెప్పిన.

వాడు మంచిగ తింటున్నడు, మంచిగ నవ్వుతున్నడు. "గిప్పుడు దారికొచ్చినవ్" అన్నడు నన్ను.

మమత


కరీంనగర్,
సెప్టెంబర్ 22.

మమతా,

రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో. చాట పట్టుకుని వాడి వెనక నిలబడ్డావు కనుక నువ్వు వీపే చూశావు. మొహం నేను చూశాను. అది నీకు రాసి పంపడం నా బాధ్యత.

అయ్యగారు "పేరు చెప్పండి" అన్నప్పుడు నేను ఇంకా రోజారాణి గడప మీదే ఉన్నాను. "నర్మద" అన్నాడు. గొంతు సన్నగా వచ్చింది. కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. ఎంత బాగా ఒత్తుకున్నాడనుకున్నావ్! నేనే ఒక్క క్షణం ఎవరో పోయారనుకున్నాను.

అప్పుడు వచ్చి కొంగు పట్టాను. "అయ్యగారూ, ఇటు పొయ్యమనండి. నా పేరు మీదివే" అన్నాను.

ముందు నా కాళ్లు చూశాడు. తర్వాత చీర. తర్వాత మొహం. దవడ కిందికి జారి అట్లాగే ఉండిపోయింది. మచ్చ గోక్కోవడానికి చెయ్యి లేచింది, సగంలో ఆగింది. ఏడవాలో వద్దో తెలియలేదు పాపం.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు అయ్యగారు.

"ఆయననే అడగండి."

"ఎవరయ్యా ఈమె?"

అప్పుడు కదా మన రోజారాణి గునుగుపూల కట్ట కింద పెట్టి లేచింది. "చెప్పు సేటూ, అయ్యగారు అడుగుతున్నడు" అన్నది.

"నర్మద" అన్నాడు.

"ఏ నర్మద?"

"సచ్చిపోయినామె."

పూలు పేర్చేవాళ్లంతా ఒక్కసారి గొల్లుమన్నారు. ఒకామె తాంబాళం తన్నుకుని తంగేడు పూలన్నీ ఒలకబోసింది. అయ్యగారు మాత్రం నవ్వలేదు. "సచ్చినామె కొంగు పట్టదు నాయనా. సక్కగ చెప్పు" అన్నాడు.

అప్పుడు నువ్వు ముందుకు వచ్చావు. మెడలోని బిళ్ల తీసి వాడి చేతిలో పెట్టి, వాణ్ని దాటి వచ్చి చాటెడు బియ్యం నా కొంగులో పోశావు. ఒక్క గింజ కింద పడలేదు, నేను చూశాను. వాడు బిళ్లను చూశాడు, నిన్ను చూశాడు, గల్లీని చూశాడు. పోవడానికి దారి లేదు. "బతికే ఉన్నది. నేనే అబద్ధం చెప్పిన" అన్నాడు. అయ్యగారు వినబడలేదన్నాడు. నిజంగానే వినబడలేదో, ఆయనకూ కోపమొచ్చిందో తెలియదు. వాడు మళ్లీ అన్నాడు, గట్టిగా.

అబద్ధమెందుకు మమతా, తియ్యగా ఉంది. పగ తీరితే మనసు బోసిపోతుందని పుస్తకాల్లో రాస్తారు. నాదేం పోలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బియ్యం మూట ఒళ్లో పెట్టుకుని, మంచిర్యాల దాకా ఉడకబెట్టిన పల్లికాయలు తిన్నాను.

నీ ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకుండా వచ్చేశాను. ఇంకాసేపు నిలబడితే బిళ్ల తీసేసిన నీ మెడ చూసి ఏడ్చేదాన్ని, వాడి ముందు ఏడవదలచుకోలేదు. నేను వచ్చాక ఏమైంది? అన్నీ రాయి.

నర్మద


ఆసిఫాబాద్,
సెప్టెంబర్ 26.

అక్కా,

నువ్వు పోయినంక వాడు గడప మీద కూలబడ్డడు. ఆడోళ్లు ఒక్కరు గూడ కదల్లే. పొద్దుమూకితే బతుకమ్మ మా వాకిట్లనే పెట్టి ఆడిండ్రు, వాడు లోపల తలుపు మూసుకున్నడు.

"నువ్వు దొరకవని భయమైంది, అందుకే గట్ల చెప్పిన" అన్నడు నాతోని. "నా కోసం ఒక మనిషిని సంపినవా, గంత పాణమా నేనంటె" అన్న. వాని బట్టలన్ని దుకాణం కవర్లల్ల పెట్టి బయట పెట్టిన. నిర్మల్‌ల వాని అక్క ఇంటికి పోయిండు. మా అన్న తాళం మార్పిచ్చిండు. మల్ల తెల్లారి దుకాణం నేనే తీసిన. మ్యాచింగ్ జాకెట్ ముక్కల కోసం వచ్చినోళ్లు తక్కువ, నన్ను సూడ వచ్చినోళ్లు ఎక్కువ. అయినా అందరు ఏదో ఒకటి కొన్నరు.

నేను ఏడ్సిన అక్కా. రెండు దినాలు ఏడ్సిన. నీకు తియ్యగున్నది. నాకు సగం తియ్యగ, సగం చేదు. తొమ్మిదేండ్లు మొగడనుకున్న మనిషి గద.

నిన్న గురువారం మిగిలిన సామాను కోసం వచ్చిండు. గడప అవతలనే నిలబడ్డడు. నన్ను బతిమిలాడుతడేమో అనుకున్న. బతిమిలాడలే. "నర్మద గా బియ్యం ఏం చేసింది?" అన్నడు. గదొక్కటే పరేషాన్ వానికి. సచ్చినోళ్ల పేరు మీద తీసిన బియ్యం బతికున్న మనిషి తింటే, తీసినోనికే చుట్టుకుంటదని నిర్మల్‌ల ఎవరో చెప్పిండ్రట. "తినకుమని చెప్పు, బాసరకు పోయి గోదాట్ల కలుపుమను, బస్సు కిరాయి నేనిస్త, కాళ్లు మొక్కుత అన్ననని రాయి" అన్నడు. మల్ల గురువారం వచ్చి అడుగుతడట, నువ్వు ఏమన్నవో.

గసొంటిది ఉన్నదో లేదో నాకు తెల్వది. వాడు చెప్పుమన్నడు, చెప్పిన. ఏం రాయమంటవ్?

మమత


కరీంనగర్,
సెప్టెంబర్ 29.

మమతా,

బియ్యం ఇంటికొచ్చిన మర్నాడే వండుకున్నాను. ఒక పూట పప్పుతో, ఒక పూట పచ్చిపులుసుతో. మంచి బియ్యం, ఒక్క రాయి తగల్లేదు. అన్నం పువ్వులా విచ్చుకుంది. చాలా రోజుల తర్వాత మారు పెట్టుకుని తిన్నాను. మధ్యాహ్నం కాసేపు పడుకుని లేచి పాత సినిమా పెట్టాను.

చేదు సంగతి రాశావు. ఆ చేదు నాకు తెలుసు. నాకు పోవడానికి పదేళ్లు పట్టింది, నీకు అంత పట్టదు, నువ్వు నాకన్నా గట్టిదానివి. దీపావళికి రెండు రోజులు దుకాణం రోజారాణికి అప్పగించి ఇక్కడికి రా. కొంచెం బియ్యం ఎత్తిపెట్టాను, ఇద్దరం కూర్చుని తిందాం.

గురువారం వాడు వస్తే తిన్నదని చెప్పు. ఇంకా రెండు పూటలకు ఉన్నాయని కూడా చెప్పు.

నర్మద